గుడి ఏం కుట్ర చేసింది? ‘ఇంట్రీగింగ్’ అనే మాట సంగతి

బిడ్డా, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. నువ్వు హన్మకొండలో డిగ్రీ చివరి ఏడాది. కాలేజీ పత్రికకు రామప్ప, లక్నవరం టూరు మీద ఇంగ్లీషులో వ్యాసం రాశావు. మొదటి వాక్యమే ‘రామప్ప ఈజ్ యాన్ ఇంట్రీగింగ్ టెంపుల్’. తర్వాత ఇంకో రెండు చోట్ల, తేలే ఇటుకల దగ్గర, లక్నవరం వేలాడే వంతెన దగ్గర, అదే మాట వాడావు. మీ సీనియర్ చూసి నవ్వాడు: “ఇంట్రీగ్ అంటే కుట్ర. గుడి ఏం కుట్ర చేసింది? ఇంటరెస్టింగ్ అని మార్చు.” స్నేహితురాలేమో ‘క్యూరియస్ టెంపుల్’ అంటే బాగుంటదన్నది. డిక్షనరీలో చూస్తే ‘కుతూహలం కలిగించే’ అని ఉంది. ఎవరి మాట వినాలి?

నీ మాట కరెక్టే, నీ వాక్యం మాత్రం ఇంకా కాలేదు. సీనియర్ చెప్పింది సగం నిజం. స్నేహితురాలి సలహా మాత్రం వినకు. వరంగల్, హన్మకొండ కాలేజీల్లో 30 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయిన వాణ్ణి, కొంచెం సాగదీసి చెప్తాను, ఓపిక పట్టు.

ముందు సీనియర్ సంగతి. ఇంట్రీగ్ అనే నామవాచకానికి చాటుమాటు వ్యవహారం, కుట్ర అనే అర్థం ఇప్పటికీ బతికే ఉంది. రాజుల చరిత్రలు ఇంగ్లీషులో చదువుతుంటే ‘ప్యాలెస్ ఇంట్రీగ్’ అని తగులుతుంటుంది. కోట లోపల గుసగుసగా నడిచే ఎత్తులు, పైఎత్తులు అన్నమాట. మన ఓరుగల్లు కథే తీసుకో. కాకతీయ రాజు గణపతిదేవుడి తర్వాత రుద్రమదేవి గద్దెనెక్కితే, ఆడది మమ్మల్ని ఏలుడేందని హరిహరదేవుడు, మురారిదేవుడు ఎదురు తిరిగారని పాత కథనం ఒకటి ఉంది కదా. దాన్ని ఇంగ్లీషులో ‘దే వర్ ఇంట్రీగింగ్ అగైనెస్ట్ ద క్వీన్’ అని రాయొచ్చు. ఇక్కడ ఇంట్రీగింగ్ విశేషణం కాదు, క్రియ. పక్కన ‘అగైనెస్ట్’ ఉందంటే కుట్ర పన్నుడే, అనుమానం లేదు. అదే మాట గుడి ముందో, పేరు ముందో, ప్రశ్న ముందో విశేషణంగా నిలబడితే కుట్ర వాసన పోతుంది. ‘తెలుసుకోవాలనిపించే’ అన్న అర్థమే మిగులుతుంది. చదివేవాళ్లెవరూ గుడి మీద కేసు పెట్టరు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మనుషుల ముందు పెట్టేటప్పుడు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కాలేజీలో, ప్రిన్సిపాల్ గారు రిటైరవుతుంటే సన్మానపత్రం ఇంగ్లీషులో రాసే పని నాకు పడ్డది. ఇంగ్లీషు వాణ్ణి కదా, నాలుగు బరువైన మాటలు పడాలని ‘యాన్ ఇంట్రీగింగ్ పర్సనాలిటీ’ అని రాశాను. నా ఉద్దేశం, అంత సులువుగా అర్థం కాని లోతైన మనిషి అని. ఆయనకూ మేనేజ్‌మెంటుకూ మధ్య రెండేళ్లుగా ఫైళ్ల యుద్ధం నడుస్తున్న సంగతి నాకు తెలియదు. స్టేజీ మీద గొంతెత్తి చదివాను. ముందు వరుసలో ఒకాయన దగ్గాడు. ఆ పక్కాయన ఇంకా గట్టిగా దగ్గాడు. సభ అయినంక ప్రిన్సిపాల్ గారు ఫ్రేము కట్టిన ఆ పత్రం చంకలో పెట్టుకొని నా దగ్గరికొచ్చి, “మంచిగ రాసినవ్ గని, ఇగ దీన్ని హాల్ల తగిలియ్యాల్నా, అటక మీద పెట్టాల్నా?” అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం అన్నం సహించలేదు. ఆ పత్రంలోని వాక్యం వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కానీ మనిషి చుట్టూ అప్పటికే గుసగుసలుంటే, మాటలోపల నిద్రపోతున్న పాత అర్థం లేచి కూర్చుంటుంది. పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయి గురించి, కొత్త బాస్ గురించి ఈ మాట వాడేముందు ఒక్క క్షణం ఆగు.

ఒకే మాటకు కుట్ర, కుతూహలం రెండూ ఎందుకొచ్చాయి? ఇది చెప్పకుండా ముందుకు పోలేను, నాకు ఇష్టమైన భాగం ఇదే. లాటిన్‌లో ‘ట్రికాయ్’ అంటే తంటాలు, చిక్కులు. దాని నుంచి ‘ఇంట్రికారే’, చిక్కుపెట్టడం. అది ఇటాలియన్‌లోకి, ఫ్రెంచిలోకి పోయి, అక్కణ్నించి ఇంగ్లీషుకు వచ్చింది. మొదట వచ్చింది కుట్ర అర్థమే. ఇతరుల జీవితాలను చాటుగా చిక్కుపెట్టడమే కదా కుట్ర. కుతూహలం రేపడం అనే అర్థం చాలా తర్వాత, పందొమ్మిదో శతాబ్దం చివర్లో మళ్లీ ఫ్రెంచి ప్రభావంతోనే చేరింది. పాత తరం పండితులకు ఇది మింగుడు పడలేదు. ఇంగ్లీషు వాడుక మీద పెద్ద అధికారిగా పేరున్న ఫౌలర్, 1926లో, ఇది ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న అక్కర లేని వాడుక అని మందలించాడు. మీ సీనియర్ వందేళ్ల కింద ఇంగ్లండులో పుట్టి ఉంటే ఫౌలర్ పక్కన కుర్చీ వేసేవారు. ఇప్పుడు ఆ గొడవ ముగిసిపోయింది, ఎవరూ తప్పు పట్టరు.

అదే వేరు నుంచి వచ్చిన చుట్టాలు ఇంకో ఇద్దరున్నారు, నీ వ్యాసానికి పనికొస్తారు. ‘ఇంట్రికేట్’ అంటే సన్నటి, అల్లిబిల్లి పనితనం. రామప్ప మదనికల (గుడి బయటి నాట్యకత్తెల శిల్పాలు) ఒంటి మీది నగల చెక్కడాన్ని ఇంట్రికేట్ అంటారు, ఇంట్రీగింగ్ అనరు. ‘ఎక్స్‌ట్రికేట్’ అంటే చిక్కులోంచి విడిపించడం. మూడింట్లోనూ ఉన్నది చిక్కే.

చిక్కు అంటే నాకు వరంగల్‌లో నేతపనివాళ్లుండే కొత్తవాడ గుర్తొస్తది. నేను పెరిగింది ఆ పక్క గల్లీలోనే. అప్పట్లో ఏ వాకిట్ల చూసినా మగ్గం, ఆరేసిన రంగు నూలు, జంపఖానాలు. నూలు చిక్కుపడితే మేము పిల్లలం పట్టుకొని గుంజేవాళ్లం. మా బాపమ్మ చేతి మీద ఒక్కటి వేసి, “గుంజకురా, ముడి వడ్తది. ముందుగాల కొస దొరకవట్టు” అనేది. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. కానీ ఇంట్రీగింగ్ అంటే ఏందో అంతకంటే బాగా ఎవరూ నాకు చెప్పలేదు. చిక్కు లేని కండెను ఎవరూ రెండోసారి చూడరు. కొస ఎక్కడుందో జాడ లేని ఉండను పక్కన పడేస్తారు. ఒక కొస బయటికి కనిపిస్తూ, మిగతాది లోపల దాగి ఉంటే, వేళ్లు ఊరుకోవు. అదీ ఇంట్రీగింగ్.

తెలుగులో దీనికి సరిసమానం ఏందని నన్ను ఎన్నిసార్లు అడిగారో. ‘ఆసక్తికరం’ అని రాసేస్తారు, అది చప్పగా ఉంటుంది. టీవీల పుణ్యమా అని ఆ మాటకు రుచి పోయింది. ఎవరు ఏం మాట్లాడినా కింద స్క్రోలింగులో ‘ఆసక్తికర వ్యాఖ్యలు’. ‘గమ్మత్తు’ దగ్గరికొస్తుంది గానీ అందులో నవ్వు పాలు ఎక్కువ. నన్నడిగితే మన ఇళ్లల్లో వాడే ‘మతలబు’ సరిగ్గా అతుకుతుంది. “ఇండ్ల ఏదో మతలబున్నది” అంటాం చూడు. ఆ మాటలో కుట్ర అనుమానమూ ఉంది, తెలుసుకోవాలన్న దురదా ఉంది, ఇంట్రీగ్‌లో ఉన్నట్టే. ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాటకు అరబ్బీ మూలంలో అర్థం ‘వెతికేది, కోరేది’. అదే వేరు నుంచి వచ్చిన ‘తాలిబ్’ అంటే వెతికేవాడు, ఉర్దూలో విద్యార్థిని ‘తాలిబె ఇల్మ్’ అంటారు. మీ క్లాసులో వెనక బెంచీలో పడుకునేవాడూ పేరుకు అన్వేషకుడే. సరే, దారి తప్పాను.

ఇప్పుడు నీ వాక్యం. ‘రామప్ప ఈజ్ యాన్ ఇంట్రీగింగ్ టెంపుల్.’ ఫుల్‌స్టాప్. నేను చదివి, ఏం దాగి ఉంది బిడ్డా అని అడుగుతాను. నీ వాక్యంలో జవాబు లేదు. కొస చూపించకుండా ఉండ మాత్రం చేతికిచ్చావు. ఈ మాట వాడాలంటే నాది ఒకటే పరీక్ష: కనిపించేది ఏంది, కనిపించనిది ఏంది, రెండూ ఒక్క ఊపిరిలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ మాట అక్కడ అలంకారమే.

రామప్పలో కొసలకు కరువా? ఆ గుడిని కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 1213 నాటి శాసనం అక్కడే ఉంది. కానీ జనం నోట ఉన్న పేరు ఆయనది కాదు. శిల్పి రామప్ప పేరు మీదే గుడి నిలిచిందని చెప్పుకుంటారు. డబ్బిచ్చినవాడి పేరు రాయి మీద, ఉలి పట్టినవాడి పేరు ఊరందరి నోటి మీద. లోపలున్న దేవుడు రామలింగేశ్వరుడు, ఆయన పేరు కూడా కాగితాల్లోనే ఎక్కువ వినిపిస్తుంది. దేశంలో ఇన్ని వేల గుళ్లుంటే పనివాడి పేరుతో పిలిచే గుడి ఎన్ని? ఇది ఇంట్రీగింగ్. కనిపించేది పేరు, కనిపించనిది ఆ పేరు ఎట్లా గెలిచిందన్నది.

ఇటుకలూ అంతే. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయి. ఇటుక తేలడమేందని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడి దాకా ఇంట్రీగింగ్. లోపలంతా సన్నటి రంధ్రాలుండి బరువు తక్కువని, పైభారం తగ్గించడానికే అట్లా కాల్చి ఉంటారని, కింద ఇసుక నింపిన పునాది ఉందని తెలిసినంక ఆశ్చర్యం పోదు, కానీ రకం మారుతుంది. ఇంక దాన్ని ‘ఫ్యాసినేటింగ్’ అనాలి. ఈ తేడా ఏ డిక్షనరీలోనూ ఇట్లా రాసి ఉండదు, నా అనుభవం మీద చెప్తున్నాను. జవాబు తెలియక ముందు పట్టి లాగేది ఇంట్రీగింగ్, తెలిసినాక కూడా వదలనిది ఫ్యాసినేటింగ్. లాటిన్‌లో ‘ఫ్యాస్కినుమ్’ అంటే మంత్రం, చేతబడి. దిష్టి తగలకుండా కట్టుకునే తాయెత్తునూ అదే పేరుతో పిలిచేవారు. కళ్లు తిప్పుకోలేకపోవడం అన్న అర్థం అందులోంచే వచ్చింది. కొత్త ఇంటి మీద మనోళ్లు కట్టే దిష్టిబొమ్మ చూసినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తది.

ఇంకో ఉదాహరణ, నాకు బాగా నచ్చినది. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది, 1289 నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాన్నిధ్యం చేరారని, వారి పుణ్యం కోసం భూమి దానం ఇచ్చారని అందులో ఉంది. తేదీ ఉంది, పేర్లున్నాయి, దానం ఉంది. ఎట్లా పోయారో మాత్రం లేదు. రాణీ సేనానీ ఒక్కసారే పోవడమేంది? ఎదురు తిరిగిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే అయి ఉంటుందని చరిత్రకారుల ఊహ. రాయి మాత్రం నోరు విప్పదు. ‘యాన్ ఇంట్రీగింగ్ సైలెన్స్’ అని రాయాలంటే ఇట్లాంటి చోట రాయాలి. చిన్నపిల్లల పొడుపు కథ కూడా ఇదే పని చేస్తుంది: కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు. తలుపులు చూపించి కనురెప్పలు దాచింది.

మీ సీనియర్ ‘ఇంటరెస్టింగ్’ అని మార్చమన్నాడు. తప్పు కాదు, కానీ ఏమీ చెప్పినట్టూ కాదు. ఆ మాట పుట్టుక ‘మధ్యలో ఉండటం, పట్టింపు ఉండటం’. అందుకే బ్యాంకు వడ్డీకీ అదే మాట. ఎక్కడైనా ఒదుగుతుంది కాబట్టి ఎక్కడా గుర్తుండదు. పైగా దానికి మర్యాదగా తప్పించుకునే గుణం ఒకటుంది. సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు చెప్పాడు. విదేశీ క్లయింటుకు గంటసేపు ఏదో చూపిస్తే, చివరికి ఆయన “ఇంటరెస్టింగ్” అని ఊరుకున్నాడట. మనోడు పార్టీ ఇచ్చాడు. వారం తర్వాత ప్రాజెక్టు వేరేవాళ్లకు పోయింది. మన దగ్గర సంబంధం మాట్లాడటానికి పోతే “సరే, చూద్దాం లెండి” అంటారు చూడు, అక్కడ ఇంటరెస్టింగ్ పని అది. అదే ఆయన “ఐ యామ్ ఇంట్రీగ్డ్” అని ఉంటే తర్వాత తప్పకుండా ఒక ప్రశ్న వచ్చేది. ఇంటరెస్టింగ్ తర్వాత మౌనం రావొచ్చు, ఇంట్రీగ్డ్ తర్వాత ప్రశ్న రాకపోతే అబద్ధమన్నట్టే.

ఇక స్నేహితురాలి ‘క్యూరియస్’. ఇది మన పిల్లలు అందరికంటే ఎక్కువగా జారే చోటు. క్యూరియాసిటీ అంటే కుతూహలం కదా, కాబట్టి క్యూరియస్ టెంపుల్ అంటే కుతూహలం కలిగించే గుడి అనుకుంటారు. కాదు. మనిషి ముందు ఉంటే క్యూరియస్ అంటే తెలుసుకోవాలన్న కోరిక ఉన్నవాడు: క్యూరియస్ చైల్డ్, అన్నీ అడిగే పిల్ల. వస్తువు ముందు ఉంటే అర్థం వింత, విడ్డూరం. ‘ఎ క్యూరియస్ టెంపుల్’ అంటే ఇదేదో వింత గుడి అని. అందులో కొంచెం తల వంకర చేసి చూసే చూపు ఉంటుంది. ‘దిస్ టాపిక్ ఈజ్ వెరీ క్యూరియస్’ అని సెమినార్‌లో మొదలుపెడితే, టాపిక్ ఎంచుకున్న మేడమ్ ముఖం చూడు. నీకు ఆసక్తి ఉందని చెప్పాలంటే ‘ఐ యామ్ క్యూరియస్ అబౌట్ ఇట్’ అను, హాయిగా ఉంటుంది. వేరు ‘క్యూరా’, శ్రద్ధ. మ్యూజియంలో వస్తువులు చూసుకునే క్యూరేటర్, తేడా రాకుండా చూసే ఆక్యురేట్ దీని పిల్లలే. ‘కేర్’ మాత్రం వినడానికి చుట్టంలా ఉన్నా చుట్టం కాదు, అది వేరే ఇంటిది.

‘మిస్టీరియస్’ గురించి ఒక్క మాట: అందులో జవాబు దొరుకుతుందన్న ఆశ తక్కువ, కొంచెం భయం ఎక్కువ. ‘ఇన్‌క్విజిటివ్’ అంటే అడిగి తెలుసుకునే గుణం, ఎక్కువగా మనుషులకే వాడతారు, ఒక్కోసారి పక్కింట్ల ఆరాలు తీసేవాళ్లకు. అంతే.

ఇప్పుడు అసలు గండం, ‘ఇంగ్’, ‘ఎడ్’. ఏటా మాక్ ఇంటర్వ్యూల్లో వినేవాణ్ణి: “ఐ యామ్ వెరీ ఇంటరెస్టింగ్ ఇన్ యువర్ కంపెనీ.” అంటే నేను చాలా ఆసక్తికరమైన మనిషిని అని తనను తానే పొగుడుకోవడం. “ఐ యామ్ బోరింగ్ ఇన్ సండేస్” అన్నవాడైతే నిజం ఒప్పుకున్నట్టే. ఈ తప్పు మనకే ఎందుకు ఎక్కువ? ‘నాకు ఆసక్తి ఉంది’, ‘నాకు బోరు కొడుతుంది’ అంటాం మనం. తెలుగులో మనిషి ‘నాకు’ అని పక్కకు జరిగి నిలబడతాడు, ఆసక్తే కర్త స్థానంలో కూర్చుంటుంది. ఇంగ్లీషులోకి దూకేసరికి ‘నాకు’ కాస్తా ‘ఐ’ అయిపోయి, వెనక ఏ రూపం పెట్టాలో తెలియక చేతికందింది పెట్టేస్తాం. విరుగుడు కూడా మన భాషలోనే ఉంది. ‘కలిగించే’ అని తెలుగులో అనిపిస్తే ఇంగ్, ‘కలిగిన’ అనిపిస్తే ఎడ్. నవ్వించేవాడు, నవ్వినవాడు ఒకటి కాదు కదా. కుతూహలం కలిగించే గుడి ఇంట్రీగింగ్, కుతూహలం కలిగిన నువ్వు ఇంట్రీగ్డ్. ‘ఐ యామ్ ఇంట్రీగింగ్ టు నో’ అని చచ్చినా అనకు. ‘ఐ యామ్ ఇంట్రీగ్డ్ బై ద నేమ్’ అను, ‘ఐ వజ్ ఇంట్రీగ్డ్ టు లెర్న్’ అను. లేదా క్రియనే వాడుకో: ‘వాట్ ఇంట్రీగ్స్ మీ ఈజ్ ద నేమ్’. ఇది నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే ఈ వాక్యం మొదలుపెట్టాక కొస చూపించక తప్పదు.

పలకడం: ఇంట్రిగ్యుయింగ్ కాదు. ఇన్-ట్రీ-గింగ్, బరువంతా ‘ట్రీ’ మీద. నడుమ ఉన్న యూ అక్షరం పలకదు, అది కాపలాదారు. అది లేకపోతే చదివేవాళ్లు జీని ‘జ’గా పలుకుతారేమోనని ‘గ’ శబ్దాన్ని కాపాడటానికి నిలబడ్డది. గెస్ట్‌లో, గిటార్‌లో, లీగ్‌లో, కొలీగ్‌లో దాని ఉద్యోగం ఇదే. ఇంగ్ చేర్చేటప్పుడు చివరి ‘ఈ’ (e) అక్షరం తీసెయ్యాలి, యూను ముట్టొద్దు. జీ, యూ, ఐ, ఎన్, జీ. నువ్వు పంపిన వ్యాసంలో ఒక చోట ఆ ‘ఈ’ (e) ఉండిపోయింది, సరిచేసుకో.

ఇంకొకటి చెప్పి వదిలేస్తా. ఈ మాట వాడగానే నువ్వు బయట నిలబడి చూస్తున్నదానివి అవుతావు. రామప్ప దగ్గర పర్వాలేదు, టూరుకు పోయావు కాబట్టి. కానీ వచ్చే సంచికకు మేడారం జాతర మీద రాస్తానన్నావు. అక్కడ విగ్రహాలుండవు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తారు. జనం బెల్లాన్ని బంగారమని పిలిచి తమ బరువెత్తు ఇస్తారు. దీన్ని ‘ఇంట్రీగింగ్ రిచువల్’ అని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు రాస్తారు, వాళ్లకు అది చిక్కే. మీ అమ్మమ్మ నెత్తిన బెల్లం పెట్టుకొని నడిచిన తొవ్వ నీకు చిక్కెట్లా అవుతుంది? మీ ఇంటి ముచ్చటను మీ ఇంటి మనిషిలాగే రాయి. బయటివాళ్లకు ఏది వింతగా తోస్తుందో చెప్పాలనుకుంటే, ‘టు యాన్ అవుట్‌సైడర్’ అని ముందు పెట్టు, సరిపోతుంది.

ఇక మొదటి వాక్యం ఇట్లా తిరగరాయి: గుడిని కట్టించింది సేనాని, పేరు మిగిలింది శిల్పిది, అని రెండు ముక్కల్లో ఇంగ్లీషులో పెట్టు. దాని తర్వాత కావాలంటే ‘దట్ ఈజ్ ద ఇంట్రీగింగ్ పార్ట్’ అను. అనకపోయినా చదివేవాడికి వేళ్లు దురద పెడతాయి. ఇటుకల దగ్గర ఆ మాట ఉండనీ, కాకపోతే కారణం చెప్పకముందు పెట్టు, చెప్పినాక కాదు. లక్నవరం వంతెన దగ్గరిది తీసెయ్. అక్కడ దాచిందేమీ లేదు, ఊగుతది అంతే.